ఒకే టైమ్‌లైన్‌లో పొసగని ఫ్రేములు

1969 జులైలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు మోపడాన్ని చూపిన టీవీ కెమెరా సెకనుకు 10 బొమ్మలే పంపింది. అక్కడి నుంచి భూమికి చేరే రేడియో సంకేతంలో అంతకుమించి చోటు లేదు. అమెరికా ఇళ్లలోని టీవీలకేమో సెకనుకు 30 ఫ్రేములు కావాలి. ఈ తేడా పూడ్చడానికి ఆస్ట్రేలియాలోనూ, కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లోనూ మార్పిడి యంత్రాలు పెట్టారు. అవి చేసిన పని ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. వచ్చిన బొమ్మను ఒక తెర మీద వేస్తారు. ఆ తెరను మామూలు టీవీ కెమెరాతో మళ్లీ తీస్తారు. తర్వాతి బొమ్మ వచ్చేదాకా అదే బొమ్మను అయస్కాంత డిస్కు మీద నుంచి మళ్లీ మళ్లీ తిప్పుతారు. ప్రపంచమంతా చూసిన ఆ మసక దృశ్యంలోని మసకలో కొంత చంద్రుడిది కాదు, తెరను కెమెరాతో తీసిన ఈ ఏర్పాటుది.

ఆ యంత్రం చేసిన పని ఇవాళ ప్రతి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న మెనూగా ఉంది. అవసరం మాత్రం అప్పటికంటే పెరిగింది. ఒక తెలుగు పెళ్లి వీడియోనే తీసుకుంటే, మండపం దగ్గర రెండు పెద్ద కెమెరాలు 25 ఫ్రేముల్లో నడుస్తుంటాయి. పైన డ్రోన్ 30లో ఎగురుతుంటుంది. అమ్మాయి మండపంలోకి వచ్చే షాట్ స్లో మోషన్ కోసం 100లోనో 120లోనో తీస్తారు. డల్లాస్ నుంచి వచ్చిన మేనమామ ఫోన్లో తీసిన వీడియో 29.97 అంటూ కనిపిస్తుంది, నిజానికి అదీ నిలకడగా ఉండదు. ఎడిటర్ వీటన్నిటినీ ఒకే టైమ్‌లైన్ మీద పేర్చాలి. చాలామంది ఏమీ ఆలోచించకుండా లాగి పడేస్తారు, సాఫ్ట్‌వేర్ కూడా ఫిర్యాదు చేయదు. ఫిర్యాదు తర్వాత వస్తుంది. డ్రోన్ షాట్ ఎందుకో కుదుపుతోందని, పంతులు గారి పెదవులకీ మంత్రానికీ పొత్తు లేదని.

ఈ అంకెలు ఏ ఒక్కరూ కూర్చుని ఆలోచించి పెట్టినవి కావు, అందుకే అవి ఒకదానితో ఒకటి పొసగవు. 1895లో లూమియేర్ సోదరులు సెకనుకు 16 ఫ్రేముల దగ్గర చేతితో తిప్పారు. మూకీల కాలమంతా ఆ వేగం కెమెరా తిప్పేవాడి చేతిని బట్టి, ఆడించే ఆపరేటర్ తొందరను బట్టి మారుతూ ఉండేది. 1920ల చివర శబ్దం వచ్చాక ఆ స్వేచ్ఛ పోయింది. శబ్దం ఫిల్ము అంచునే ముద్రించి ఉంటుంది కనుక వేగం మారితే గొంతు మారుతుంది. అందుకని నిమిషానికి 90 అడుగులు, అంటే సెకనుకు 24 ఫ్రేములు అని ఖాయం చేశారు. టీవీ వచ్చినప్పుడు లెక్కను సినిమా నుంచి తీసుకోలేదు, కరెంటు నుంచి తీసుకున్నారు. 60 హెర్ట్జ్ కరెంటున్న అమెరికాలో 30, 50 హెర్ట్జ్ ఉన్న యూరప్‌లో 25. మన దేశపు కరెంటు 50 హెర్ట్జ్, 1982లో రంగుల ప్రసారం వచ్చినప్పుడు ఎంచుకున్నది యూరప్‌లోని పాల్ పద్ధతి, కాబట్టి మన టీవీ 25. అమెరికాలో 1953లో రంగుల టీవీ తెచ్చినప్పుడు రంగు సంకేతం ధ్వని సంకేతంతో కొట్టుకోకుండా మొత్తం వేగాన్ని 1001లో ఒక వంతు తగ్గించారు. 30 కాస్తా 29.97 అయింది. ఆ పిసరంత తగ్గింపు వల్ల ఏడు దశాబ్దాలుగా ఎడిటర్లు తలలు పట్టుకుంటున్నారు. గంట వీడియోలో అది 108 ఫ్రేముల తేడా, 3.6 సెకన్లు. దాన్ని సరిపెట్టడానికే టైమ్‌కోడ్‌లో నిమిషానికి రెండు అంకెలను దాటేసే పద్ధతి పెట్టారు, ప్రతి పదో నిమిషంలో మాత్రం దాటేయరు. దాటేసేది అంకెలనే, ఫ్రేములను కాదు.

ఇక అసలు పని. ఒక వేగంలో తీసిన దాన్ని మరో వేగంలో చూపాలంటే దారులు నాలుగే. ఫ్రేములను తీసేయడం లేదా రెండోసారి చూపడం మొదటిది. పక్కపక్క ఫ్రేములను కలిపి ఒకటి చేయడం రెండోది. లేని ఫ్రేమును లెక్క కట్టి పుట్టించడం మూడోది. ఫ్రేముల జోలికి పోకుండా కాలాన్నే సాగదీయడమో కుదించడమో నాలుగోది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో ఫ్రేమ్ శాంప్లింగ్, ఫ్రేమ్ బ్లెండింగ్, ఆప్టికల్ ఫ్లో అనే మూడు పేర్లు కనిపిస్తాయి. డావించి రిజాల్వ్‌లో పేర్లు కొద్దిగా వేరు, సరుకు అదే. సాఫ్ట్‌వేర్ ప్రచారాలన్నీ మూడో దారిని గొప్ప చేస్తాయి. కానీ అనుభవం ఉన్న ఎడిటర్లు ముందు నాలుగోదాన్ని, తర్వాత మొదటిదాన్ని చూస్తారు. మూడోది వాళ్లకు చివరి మందు. వాళ్లదే సరైన వరస.

మొదటి దారిలో నష్టం ఎంతో ముందే లెక్కేయవచ్చు. 50 నుంచి 25కి వస్తే ఒకటి విడిచి ఒకటి, ఎక్కడా మడత పడదు. 60 నుంచి 30 కూడా అంతే. 30 నుంచి 25కి వచ్చినప్పుడు ప్రతి ఆరింటిలో ఒక ఫ్రేము పోతుంది, సెకనుకు ఐదు గెంతులు. 60 నుంచి 24కి వస్తే ఒకసారి రెండు ఫ్రేములు, మరోసారి మూడు ఫ్రేములు ముందుకు జరగాలి, కదలిక కుంటుతుంది. విచిత్రంగా, అన్నిటికంటే దగ్గరగా ఉన్న 24, 25 జంటే కంటికి ఎక్కువ గుచ్చుకుంటుంది. సెకనుకు ఒక్క ఫ్రేమే రెండోసారి వస్తుంది, కానీ గడియారం కొట్టినట్టు సరిగ్గా సెకనుకోసారి వస్తుంది. మనిషి నిలబడి మాట్లాడుతుంటే ఎవరూ పసిగట్టరు. గోపురం మీదుగా కెమెరా నెమ్మదిగా పక్కకు తిరుగుతుంటే మాత్రం ప్రతి సెకనుకూ గోపురం ఒకసారి ఎక్కిళ్లు పెడుతుంది.

అందుకే 24, 25ల మధ్య పాత టీవీ ఇంజనీర్లు అసలు ఫ్రేములనే ముట్టుకోలేదు. పాల్ దేశాల్లో సినిమాను టీవీలో వేసేటప్పుడు 24ను నేరుగా 25 వేగంతో తిప్పేసేవారు. రెండు గంటల సినిమా 115 నిమిషాల 12 సెకన్లలో అయిపోతుంది. బొమ్మకు ఏ గాయమూ లేదు. దెబ్బ పడేది చెవికి. హార్మోనియం మీద ఒక మెట్టులో ముప్పావు వంతుకు కాస్త తక్కువగా శ్రుతి పెరుగుతుంది. ప్రేక్షకులు ఏళ్ల తరబడి దీన్ని గమనించకుండానే చూశారు. సంగీతం బాగా తెలిసినవాళ్లే, థియేటర్లో విన్న పాటకూ టీవీలో వస్తున్న పాటకూ తేడా ఉందని పట్టుకునేవారు. ఇప్పుడైతే వేగం మార్చి శ్రుతిని యథాతథంగా నిలబెట్టే పనిముట్టు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. డిజిటల్ కెమెరాల తొలినాళ్లలో ఇదే కిటుకు తిరగేసి వాడారు. డానీ బాయిల్ ‘28 డేస్ లేటర్’ సినిమాను అధిక భాగం చిన్న కానన్ వీడియో కెమెరాలతో, పాల్ పద్ధతిలో తీశారు. 25లో తీసిందాన్ని నాలుగు శాతం నెమ్మదించి 24 ఫ్రేముల ఫిల్ము మీదికి ఎక్కించడం, 29.97ను మార్చడం కంటే ఎన్నో రెట్లు సులువు.

స్లో మోషన్ కూడా ఈ దారిదే. 120లో తీసినదాన్ని 24 అని చదవమంటే అయిదింతలు నెమ్మదిస్తుంది, ప్రతి ఫ్రేమూ అసలైనదే. డ్రోన్ షాట్లకు ఇది మరీ నప్పుతుంది. 30లో తీసిన డ్రోన్ షాట్‌ను 25 అని చదివిస్తే ఆరింట ఒక వంతు నెమ్మదిస్తుంది. పొలాల మీదుగా సాగే షాట్ ఆ మాత్రం నెమ్మదించిందని ఎవరూ అడగరు, పైగా గంభీరంగానే ఉంటుంది. మాట లేని చోట కాలాన్ని కదిలించడమే మేలు. మాట ఉన్న చోటే చిక్కు.

లేని ఫ్రేములను పుట్టించే విద్యకు పునాది 1981లో పడింది. ఆ ఏడాది హార్న్, షుంక్ ఒక పద్ధతినీ, లూకాస్, కనడే మరో పద్ధతినీ ప్రచురించారు. ఒక ఫ్రేములోని ప్రతి చుక్కా తర్వాతి ఫ్రేములో ఎక్కడికి జరిగిందో లెక్క కట్టడం వాటి సారం. జరిగిన దూరం తెలిస్తే సగం దూరంలో ఎక్కడుండేదో ఊహించి మధ్య ఫ్రేము గీయవచ్చు. పరుగెత్తే కారు మీద, తిరిగే కెమెరా మీద ఇది అద్భుతంగా పనిచేస్తుంది. తలంబ్రాల మీద బోర్లా పడుతుంది. గాల్లో వందల గింజలు ఒకేసారి, ఒకే రంగులో, ఒకదానికొకటి అడ్డొస్తూ పడుతుంటాయి. ఈ ఫ్రేములో ఉన్న గింజ తర్వాతి ఫ్రేములో ఏ గింజయిందో లెక్కకు తెలియదు. గింజలు పాకం పట్టినట్టు సాగుతాయి, ఒక్కోసారి పెళ్లికూతురి జడకుచ్చుల్లో కరిగి మాయమవుతాయి. తిరిగే ఫ్యాను రెక్కలు, దండలు మార్చుకునేటప్పుడు ఒకరి చేతుల మీదుగా పోయే మరొకరి చేతులు, హోమం పొగ, అన్నీ ఇలాంటివే. ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్ సంగతి మరీ ఘోరం. ఫ్లాష్ ఒక్క ఫ్రేములో వెలిగి తర్వాతి దాంట్లో ఉండదు. ఫ్రేములు కలిపే పద్ధతిలో ఆ వెలుగు సగం తగ్గి రెండు ఫ్రేములకు పాకుతుంది, చుక్కల కదలిక లెక్కించే పద్ధతిలో మొహాల మీద మరకలు పుట్టిస్తుంది. జీలకర్రా బెల్లం పెట్టే క్షణంలో ఎన్ని ఫ్లాషులు వెలుగుతాయో తెలిసినవాళ్లెవరూ ఆ షాట్ మీద ఆప్టికల్ ఫ్లో వేయరు.

ఇదే విద్యను ఓపికగా వాడితే ఎంత దూరం పోవచ్చో పీటర్ జాక్సన్ 2018లో చూపించారు. మొదటి ప్రపంచ యుద్ధం మీద తీసిన ‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’ కోసం లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం తన దగ్గరున్న పాత ఫిల్ములను ఇచ్చింది. అవన్నీ చేత్తో తిప్పిన కెమెరాలతో, 24 కంటే చాలా తక్కువ వేగాల్లో తీసినవి. ఏ రీలు ఏ వేగంలో తీశారో రాసిపెట్టిన కాగితం లేదు. 24లో వేస్తే సైనికులు చార్లీ చాప్లిన్‌లా గబగబా నడుస్తారు. వందేళ్లుగా లోకం వాళ్లను అలాగే చూసింది. జాక్సన్ బృందం ఒక్కో షాట్‌నూ వేర్వేరు వేగాల్లో వేసి చూసి, మనిషి మనిషిలా నడిచే వేగం ఏదో కంటితో తేల్చుకుంది. ఆ తర్వాతే 24కి తగ్గ ఫ్రేములను కంప్యూటర్ చేత పుట్టించింది. పెదవుల కదలిక చదవగల నిపుణులను పిలిచి సైనికులు ఏమన్నారో కనిపెట్టించి, ఆ మాటలను గొంతులతో చెప్పించారు. వేగం సరిగ్గా పడకపోతే పెదవులు చదవడం కూడా కుదిరేది కాదు. కొందరు చరిత్రకారులు అభ్యంతరం చెప్పకపోలేదు. లేని రంగు, లేని ఫ్రేము చేర్చాక అది సాక్ష్యమా, పునఃసృష్టా అని వాళ్ల ప్రశ్న. అది సబబైన ప్రశ్నే. అయితే తప్పు వేగంలో ఆడించడం కూడా వక్రీకరణే కదా.

ఫోన్లు తెచ్చిన తంటా వేరు. చాలా ఫోన్లలో ఫ్రేమ్ రేట్ స్థిరంగా ఉండదు. వెలుతురు తగ్గితే బొమ్మ చీకటి కాకుండా ఫోను తనంతట తానే ఫ్రేములు తగ్గిస్తుంది. ఐఫోన్‌లో ఆటో ఎఫ్‌పీఎస్ అనే అమరిక 30 నుంచి 24కి దింపేది అందుకే. ఫైలులో ప్రతి ఫ్రేముకూ ఎంతసేపు నిలవాలో రాసి ఉంటుంది, ఫోన్లో చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. ఆ రాత పట్టించుకోని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే, మొదట్లో కుదిరిన మాట పోనుపోను పెదవులకు దూరమవుతుంది. ఎంత దూరమైతే తెలుస్తుంది? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ప్రకారం మాట 45 మిల్లీసెకన్లు ముందొస్తే జనం పట్టేస్తారు. వెనకబడితే 125 దాకా పసిగట్టరు, నిజ జీవితంలో కూడా వెలుగు తర్వాతే చప్పుడు వస్తుంది కనుక. 30కీ 29.97కీ మధ్య ఉన్న వెయ్యిలో ఒక వంతు తేడాతోనే 45 సెకన్లలో ఆ గీత దాటిపోతాం. పరిష్కారం మాత్రం విసుగు పుట్టించేంత మామూలుది. ఎడిటింగ్‌కు ముందే హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫైలును స్థిరమైన ఫ్రేమ్ రేట్‌కి మార్చుకోవాలి. జూమ్ రికార్డింగులు, కంప్యూటర్ తెర రికార్డింగులు కూడా ఈ కోవలోవే.

ఎడిటింగ్ బల్ల దగ్గర దిద్దలేని తప్పు ఒకటుంది, అది లైట్లది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ట్యూబులైట్లు, నాసి ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ సెకనులో 50వ వంతు తెరిస్తే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు మిణుకులు పడతాయి, వెలుగు సమంగా ఉంటుంది. 60వ వంతు తెరిస్తే ఒక ఫ్రేములో ఎక్కువ, మరో దాంట్లో తక్కువ. ఫంక్షన్ హాలు మొత్తం అలలు అలలుగా మిణుకుతుంది. అమెరికాలో కొన్న కెమెరా అక్కడి టీవీ పద్ధతైన ఎన్‌టీఎస్‌సీ అమరికలోనే ఉండిపోయి, షట్టర్‌ను తనంతట తానే ఎంచుకుంటే జరిగేది ఇదే. గోప్రో లాంటి కెమెరాల్లో యాంటీ ఫ్లికర్ అనే అమరిక ఉన్నదే ఇందుకు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఫ్రేమ్ రేట్‌ను నిందించడం. మిణుకును ఆపేది షట్టర్, ఫ్రేమ్ రేట్ కాదు. 24లో తీస్తూ షట్టర్‌ను 172.8 డిగ్రీలకు, అంటే అదే 50వ వంతుకు పెట్టినా, 30లోనో 60లోనో తీస్తూ 100వ వంతుకు పెట్టినా హాలు నిలకడగానే వెలుగుతుంది. భారతదేశంలో తీస్తే 25లోనే తీయాలన్నది టీవీ కాలం నాటి నియమం.

కావాలని వేగాలు కలిపిన సినిమాల చరిత్ర మరీ సరదా. 1955లో ‘ఒక్లహోమా!’ను టాడ్-ఏఓ పద్ధతిలో 30 ఫ్రేముల్లోనూ, సినిమాస్కోప్‌లో 24లోనూ విడివిడిగా తీశారు. ఒకదాన్ని మరోదానిగా శుభ్రంగా మార్చే దారి అప్పట్లో లేదు మరి. డగ్లస్ ట్రంబుల్ ‘బ్రెయిన్‌స్టార్మ్’లో మామూలు సన్నివేశాలు 24లో, మెదడులోని అనుభూతులు తన 60 ఫ్రేముల షోస్కాన్ పద్ధతిలో చూపాలనుకున్నారు. థియేటర్లలో అది ఆడించే ఏర్పాట్లు కుదరక ఆ ఆలోచన మానుకున్నారు. 1983లో సినిమా బొమ్మ సైజు మార్పుతోనే విడుదలైంది. హాంకాంగ్‌లో వాంగ్ కార్-వై ‘చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్’ కోసం తక్కువ ఫ్రేముల్లో తీసి, ఒక్కో ఫ్రేమును పలుమార్లు ముద్రించి, జనసమ్మర్దాన్ని రంగుల చారికలుగా మార్చారు. ఎడిటర్లు దోషమని పారిపోయే పునరావృతాన్నే ఆయన శైలి చేసుకున్నారు. ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’లో సగమో, అంతకంటే ఎక్కువో 24 వేగంలో నడవదని దాని ఛాయాగ్రాహకుడు జాన్ సీల్ చెప్పారు. షాట్ అర్థమయ్యేదాకా నెమ్మది, అర్థమయ్యాక వేగం. దానికి ఎడిటింగ్ ఆస్కార్ మార్గరెట్ సిక్సెల్‌కి దక్కింది. ‘స్పైడర్-మ్యాన్: ఇంటూ ద స్పైడర్-వర్స్’ ఇంకో అడుగు వేసి ఒకే షాట్‌లో రెండు వేగాలు పెట్టింది. తడబడే కుర్రాడు మైల్స్‌కి సెకనుకు 12 భంగిమలు, ఆరితేరిన పీటర్‌కి 24. ఈ తేడా చాలామంది కంటికి ఆనదు, కానీ ఎవరికి గాల్లో ఎగరడం వచ్చో ఎవరికి రాదో వెంటనే తెలుస్తుంది.

జేమ్స్ కామెరాన్ ‘అవతార్: ది వే ఆఫ్ వాటర్’లో (2022) నీటి దృశ్యాలు, పోరాటాలు 48లో ఉన్నాయి. మాటల సన్నివేశాలు 24లోనే ఉన్నాయి, అయితే ప్రతి ఫ్రేమునూ రెండుసార్లు పెట్టి 48 ఫైలులోనే ఇమిడ్చారు. అంకెల పరంగా ఇంతకంటే శుభ్రమైన కలయిక ఉండదు, రెండింతలు కనుక ఎక్కడా గెంతు లేదు. అయినా ఒక సన్నివేశం నుంచి మరోదానికి వెళ్లినప్పుడు ఏదో మారిందని కొందరు ప్రేక్షకులు ఇబ్బంది పడ్డారు. లెక్క సరిపోయినంత మాత్రాన కంటికి సరిపోవాలని లేదన్నమాట. దీనికి పదేళ్ల ముందు ‘ది హాబిట్’ను మొత్తంగా 48లో తీసిన జాక్సన్, మామూలు థియేటర్ల కోసం ఒకటి విడిచి ఒకటి తీసేసి 24 ప్రతి చేశారు. అది మరీ గరుకుగా అనిపించకుండా ముందుచూపుతో షట్టర్‌ను 270 డిగ్రీలకు తెరిచి పెట్టారు. తీసేటప్పుడే చివరి ప్రతి గురించి ఆలోచించడం అంటే అదే.

మరి టైమ్‌లైన్ ఏ వేగంలో ఉండాలి? చాలామంది పాటించే సూత్రం, ఎక్కువ ఫుటేజ్ ఏ వేగంలో ఉంటే అదే అని. పూర్తిగా సరైంది కాదది. మాట ఉన్న ఫుటేజ్ ఏ వేగంలో ఉందో చూడాలి, ఎందుకంటే మిగతాదాన్ని సాగదీయవచ్చు, మాటను సాగదీయలేం. రిజాల్వ్ వాడేవాళ్లు ఈ నిర్ణయం మొదటి క్లిప్ తెచ్చుకోకముందే చేయాలి, ఫుటేజ్ లోపలికి వచ్చాక ప్రాజెక్టు ఫ్రేమ్ రేట్‌ను మార్చనివ్వదు. మొదటి క్లిప్‌గా మేనమామ ఫోన్ వీడియో పడి, ప్రాజెక్టు వేగం దానికి తగ్గట్టు మారిపోతే, పని సగమయ్యాక తెలిసి లాభం లేదు.

ఆ పైన చూపే తెర లెక్క ఒకటుంది, దాన్ని ఎడిటర్లు తరచూ మర్చిపోతారు. ఇంట్లో టీవీ తనకు తోచినట్టు మధ్య ఫ్రేములు పుట్టించి సినిమాను సీరియల్‌లా మార్చేస్తుంది. దాన్ని ఆపేయమని 2018లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ ఏకంగా వీడియో తీసి పెట్టారు. అయితే పెళ్లి వీడియోను ఇప్పుడు చూసేది ఎక్కువగా ఫోన్లో. 60 హెర్ట్జ్ తెర మీద 30 ఫ్రేముల వీడియో ఒక్కో ఫ్రేము రెండేసి సార్లు, హాయిగా కూర్చుంటుంది. 24 అయితే రెండు, మూడు, రెండు, మూడు. 25 వస్తే రెండు, రెండు, మూడు, రెండు, మూడు, అన్నిటికంటే గజిబిజి. 120 హెర్ట్జ్ తెర 24, 30, 60లను మూడింటినీ సమంగా పంచుతుంది, 25, 50లను పంచలేదు. వీడియోను బట్టి తెర వేగాన్నే మార్చుకునే పరికరాలు ఉన్నాయి కానీ, చూసేవాళ్ల చేతిలో ఏది ఉంటుందో ఎడిటర్‌కి తెలియదు. యూట్యూబ్ లింకుగా న్యూజెర్సీకీ, విజయవాడకీ వెళ్లే పెళ్లి సినిమాకు తీసేటప్పుడే 24 గానీ 30 గానీ ఎంచుకోవడం మేలు. 25 అడిగేది ఒక్క టీవీ ఛానలే. దానికి విడిగా ఒక ప్రతి కావాలంటే 24 ప్రతినే పాత పద్ధతిలో 25 వేగంతో తిప్పి ఇవ్వవచ్చు, నాదస్వరం శ్రుతి మాత్రం సరిచేసుకోవాలి.